పట్టా ఇవ్వలేదు.. సూర్యుణ్ని చదివేశారు!

గణితం ఇష్టంగా చదివారు. ఫైనల్స్ పాసయ్యారు. కానీ అమ్మాయి కాబట్టి డిగ్రీ ఇవ్వమన్నారు. వెతగ్గా వెతగ్గా దొరికిన ఉద్యోగంలో జీతం నెలకు 4 పౌండ్లు. పెళ్లయితే అదీ వదులుకోవాల్సిందే. ఈ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? యానీ మాండర్ ఏం చేశారో చూడండి.

యానీ 1868లో ఐర్లండ్‌లోని స్ట్రబేన్‌లో పుట్టారు. స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చేరి, 1889లో చదువు ముగించారు. కొన్నాళ్లు టీచర్‌గా పనిచేశారు. 1891లో గ్రీనిచ్ అబ్జర్వేటరీలో ‘లేడీ కంప్యూటర్’ ఉద్యోగం వచ్చింది. కంప్యూటరంటే అప్పట్లో యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి! టీచర్ జీతం కంటే తక్కువే అయినా చేరిపోయారు.

పని ఏంటంటే.. ఎండ కాసిన ప్రతి రోజూ సూర్యుణ్ని ఫొటో తీయాలి. అందులోని నల్లమచ్చలు ఎక్కడున్నాయి, ఎంత పెద్దవి అని కొలిచి రాసుకోవాలి. రేపూ అదే, ఎల్లుండీ అదే. బోర్ కొట్టే డేటా ఎంట్రీ అనిపిస్తోంది కదా? అసలు విషయం అందులోనే ఉంది.

సహోద్యోగి ఎడ్వర్డ్ వాల్టర్ మాండర్‌ను 1895లో పెళ్లి చేసుకున్నారు. నిబంధన ప్రకారం ఉద్యోగం పోయింది. పని మాత్రం ఆపలేదు. 1898 జనవరి 22 సంపూర్ణ సూర్యగ్రహణానికి మన దేశానికొచ్చారు. ఇప్పటి మహారాష్ట్రలోని తల్నీలో మకాం వేసి, సూర్యుడి కరోనా నుంచి లక్షల మైళ్ల దూరం సాగిన కాంతిరేఖను ఫొటోలో పట్టారు.

తర్వాత దంపతులిద్దరూ 1874 నుంచి 1902 దాకా గ్రీనిచ్‌లో పోగైన కొలతలను ముందేసుకున్నారు. మొత్తం మచ్చలెన్ని అని కూడితే ఒక సంఖ్య వస్తుంది, అంతే. వాళ్లు అలా కలిపేయలేదు. ఏ మచ్చ సూర్యుడి మధ్యరేఖకు ఉత్తరాన ఉంది, ఏది దక్షిణాన ఉంది, ఎంత దూరంలో ఉందని విడివిడిగా గుర్తు పెట్టారు. కాగితం మీద వరసగా సీతాకోకచిలుకలు వాలినట్టు బొమ్మ వచ్చింది. సుమారు 11 ఏళ్ల చక్రంలో మచ్చలు రెండువైపులా దూరంగా మొదలై, మెల్లగా మధ్యరేఖ దగ్గరికి జరుగుతాయని ఒక్క చూపులో తెలిసిపోయింది.

ఆ రెండు రెక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకవైపు మచ్చలు ముందే పెరుగుతాయి, రెండోవైపు వెనకబడతాయి. ఈ తేడా మన కాలంలోనూ కనిపించింది. 24వ చక్రంలో ఉత్తరార్ధగోళం 2011 చివర్లోనే ఉచ్చస్థితికి చేరితే, దక్షిణార్ధగోళం 2014లో చేరింది. 1645-1715 మధ్య మచ్చలు దాదాపు మాయమైపోయాయి. ఆ కాలం చివర్లో కనిపించిన కాసిన్నీ ఎక్కువగా దక్షిణంలోనే! ఆ కాలాన్ని ఇప్పుడు ‘మాండర్ మినిమమ్’ అంటున్నారు. మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే ఇవేవీ బయటపడవు.

1904లో ఆ బొమ్మతో అచ్చయిన పత్రంలో ఎడ్వర్డ్ పేరొక్కటే ఉంది. యానీ 1907లో సూర్యమచ్చల మీద తన సొంత పేరుతో మరో పత్రం వెలువరించారు. 1892లో సభ్యత్వం నిరాకరించిన రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1916లో ఆమెను చేర్చుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు కరవైతే, గ్రీనిచ్‌కు వెళ్లి జీతం లేకుండా పనిచేశారు.

ఆమె 1947లో కన్నుమూశారు. కేంబ్రిడ్జి అమ్మాయిలకు పూర్తి డిగ్రీలు ఇవ్వడం మొదలెట్టింది 1948లో. ఒక్క ఏడాది తేడా!

మీకు మొదట దొరికేది డేటా ఎంట్రీ ఉద్యోగమే కావచ్చు, జీతం చూసి నీరసం రావచ్చు. మంచి అవకాశం కోసం ప్రయత్నం ఆపొద్దు. ఈలోగా చేతిలో ఉన్న అంకెలను గుడ్డిగా కూడేయకుండా, విడదీసి చూడటం అలవాటు చేసుకోండి. మీ పని మీద మీ పేరు ఉండేలా కూడా చూసుకోండి. యానీ పేరు ఆ బొమ్మ పక్కన చేరడానికి చాలా ఏళ్లు పట్టింది మరి!