దుర్గాబాయమ్మ కథలో మిగిలిపోయిన సగం

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక మహనీయుల జీవితం రాసివ్వమని కమిటీ మిత్రులు అడిగారు. ఇంజనీరును కదా, ఏ విశ్వేశ్వరయ్య గారి గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఎంచుకున్నాను. కారణం మా అక్క.

పాత బ్యాచుల వాళ్ళకు అక్క గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతి దాకా ఈ బడిలోనే చదివింది. లెక్కల్లో నాకన్నా చురుకు. 1980 ఎండాకాలంలో మానిపించారు. ఇద్దర్ని చదివించే స్తోమత లేదన్నారు ఇంట్లో. మగపిల్లవాణ్ణి కాబట్టి బడిలో నేను మిగిలాను.

మరుసటేడు, 1981 మే 9న, దుర్గాబాయి గారు కన్నుమూశారు. బడులు తెరిచాక సోషల్ సారు ఆమె కథ చెప్పారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేసిందట! క్లాసంతా నవ్వాం. ఉప్పు సత్యాగ్రహం, మూడుసార్లు జైలు, రాజ్యాంగ సభలో సభ్యత్వం కూడా చెప్పారు. పరీక్షకు అవి చాలు. మిగతా సగం నాకు తెలియడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు వద్దని చెప్పి బయటికి వచ్చేశారు. తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. బడి కూడా మధ్యలోనే ఆగింది. ఇంగ్లీషు మీడియం పెట్టారని నిరసనగా మానేసి, తానే ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. జైళ్ళలో తోటి ఆడఖైదీలను చూశారు. చాలామందికి తాము ఏ నేరం కింద లోపల ఉన్నామో, బయటపడే దారేమిటో తెలియదు. చదువు లేకపోతే ఏమవుతుందో అక్కడ అర్థమైందంటారు.

విడుదలై వచ్చాక, పాతికేళ్ళు దాటే వయసులో, మళ్ళీ అక్షరాల దగ్గర కూర్చున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాసి గట్టెక్కారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ.కు వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు వెనకాడారు. ఆమె పేపర్లో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, తామే హాస్టల్ నడుపుకుని సీటు సంపాదించారు. (సీటు రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా వెతికే మన కాలానికి ఇది వింతగానే ఉంటుంది.) 1942లో లా పూర్తయింది. మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు.

తాను ఎక్కిన దారిని ఆమె ఇతరుల కోసం తెరిచే ఉంచారు. మైలాపూరులో చుట్టుపక్కల ఆడవాళ్ళను కూర్చోబెట్టి అదే బెనారస్ మెట్రిక్‌కు తయారుచేశారు. బాల్యవివాహాలైనవాళ్ళూ, భర్త పోయినవాళ్ళూ, భర్త వదిలేసినవాళ్ళూ, ఇంటి పనితోనే వయసు గడిచిపోయినవాళ్ళూ వచ్చారు. 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. తర్వాత సభకు నర్సింగ్ హోమ్ వచ్చింది. అక్కడ వైద్యంతో పాటు నర్సింగ్ శిక్షణా ఇచ్చారు.

1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. మరుసటేడు జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని పెళ్ళాడారు, అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. అప్పుడొక చిక్కు కనిపించింది. పల్లెలకు మంత్రసానులు, ఏఎన్ఎంలు, గ్రామసేవికలు కావాలి. డబ్బు ఉంది, శిక్షణా కేంద్రాలున్నాయి. చేరడానికి కావలసిన చదువున్న ఆడవాళ్ళే పల్లెల్లో లేరు. పట్నంలో చదివినవాళ్ళు పల్లెకు రారు. సైటు మీద పనిచేసినవాడిగా నాకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: మెట్లన్నీ కట్టి, మొదటి మెట్టు మాత్రం నడుమెత్తున పెట్టినట్టు.

మైలాపూరు పద్ధతే 1958లో దేశమంతటికీ పథకమైంది. పేరు కండెన్స్‌డ్ కోర్సులు. బడి మానేసిన స్త్రీలకు స్వచ్ఛంద సంస్థల ద్వారా రెండేళ్ళలో మిడిల్ స్కూలు లేదా మెట్రిక్ చదువు చెప్పించి, నర్సు, టీచరు శిక్షణలకు అర్హులను చేయడం. అర్హత తగ్గించలేదు, మనుషులను ఆ ఎత్తుకు తెచ్చారు. ఆమె చేసిన పనుల్లో నా లెక్కలో ఇదే పెద్దది, పద్మవిభూషణ్‌ కన్నా.

ఆ దంపతులు చివరి సంవత్సరాల్లో హైదరాబాదులోనే స్థిరపడ్డారు. విద్యానగర్‌లో ఆమె పేరిట దవాఖాన ఉంది. శంషాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. అక్క బడి మానిన నాటికీ, ఆ తర్వాత చాలా ఏళ్ళకూ ఆ కోర్సులు దేశంలో నడుస్తూనే ఉన్నాయి. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను డిప్లొమా చదివి, ఇంజనీరింగ్ చదివి, పేపరు రోజూ తిరగేసేవాణ్ణి. నేనైనా అక్క కోసం వాకబు చేయలేదు.

అక్క ఆయాగా కుదిరింది. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలయ్యాక చుట్టూ పనులు పెరిగాయి, దవాఖానలూ పెరిగాయి. కొన్నేళ్ళకు ఆయాలకూ సర్టిఫికెట్ అడగసాగారు. యాభై దగ్గరపడ్డాక అక్క, ఆమె చిన్న కూతురు ఒకరి తర్వాత ఒకరు పేషెంట్ల సేవ నేర్పే కొన్ని నెలల శిక్షణ పొందారు. మంచం మార్చడం, బీపీ చూడడం, రోగిని పక్కకు తిప్పి పుండ్లు పడకుండా చూడడం నేర్పుతారు. అక్క అవన్నీ అప్పటికే చేస్తున్నది. సర్టిఫికెట్ తెచ్చిన సాయంత్రం, దీని తర్వాత నర్సు కావచ్చా అని నన్నడిగింది. వెతికి చూశాను. ఆ సర్టిఫికెట్‌తో నేరుగా దారి లేదు. ఒకప్పుడు ఏడెనిమిది తరగతులతో చేరిన ఏఎన్ఎంకు తర్వాత పది కావలసి వచ్చింది, ఇప్పుడు ఇంటర్ కావాలి. వయసు ముప్పై అయిదు దాటకూడదు. అక్కకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కోడలు పిల్లకు ఇరవై మూడు, పదితో ఆపేసింది. ఆమెకు దారి ఉంది: ఓపెన్ స్కూల్ ఇంటర్ చెల్లుతుంది. ఏఎన్ఎం చేసి రిజిస్టరైతే జిఎన్ఎంకూ, అక్కడి నుంచి పోస్ట్ బేసిక్ బీఎస్సీకీ వెళ్ళవచ్చు. పగలు దవాఖానలో డ్యూటీ, రాత్రి పుస్తకాలు. ఇంగ్లీషు పేపరంటే భయం. ఆదివారాలు నేనే కూర్చోబెట్టి చెబుతున్నాను. ఆమెతో పనిచేసే మరో ముగ్గురు అమ్మాయిలు కూడా వస్తున్నారు. గ్రామరు చెప్పడం నా వల్ల కావడం లేదు. మన బ్యాచుల్లో ఇంగ్లీషు టీచర్లు ఉన్నారు కదా, ఉదయం పది గంటలకు మా ఇంటికి రండి.