సంజీవయ్య తర్వాత ఎవరు?

మా ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతంలో శాసనసభ్యుడంటే వెనుక వర్గబలం ఉన్న పెద్దింటి వారసుడేనన్న భావనతో నేను పెరిగాను. అదే పాత కర్నూలు జిల్లాలోని పెదపాడులో 1921లో నిరుపేద మాల కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్యకు అవేవీ లేవు. చదువు, సౌమ్యత మాత్రమే ఆయన బలం. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీకి వెళ్లగా, 1960లో 38 ఏళ్లకే సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలోనే ఏర్పడింది. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి తిరిగి రాగా, పీఠం విడవవలసి వచ్చింది. 1972లో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత తెలుగు నేలపై మరో దళితుడు ఆ పీఠమెక్కలేదు. ఆయన సౌమ్యతను ఏటా జయంతినాడు పొగిడే పార్టీలు, దళితులకు మళ్లీ ఆ పీఠం ఎందుకు దక్కలేదో కూడా చెప్పాలి.