మిల్టను మహాకవియు సమ్సోను కథయు

ఒక జాతివారి పవిత్రగ్రంథమును మఱియొక జాతివారి నాటకపద్ధతి ననుసరించి చదివినచో దాని పావనత్వము చెడునా, లేక మఱుఁగుపడిన యర్థము బయలుపడునా? ఈ ప్రశ్నకు సమాధానముగా మేము జాన్ మిల్టను చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆయన 1608 డిసెంబరు 9వ తేదీన లండను నగరమున జన్మించి, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్ కళాశాలలో విద్య నభ్యసించెను. హీబ్రూ, గ్రీకు, లాటిన్ భాషలలో పండితుఁడై, 1640 ప్రాంతమున బైబిలునుండి విషాదనాటకములకు తగిన కథల పట్టిక వ్రాసికొనెను. అందు సమ్సోను కథయు గలదు. ఇంతలో రాజునకును పార్లమెంటునకును యుద్ధము పుట్టెను. ఆయన 1644లో ముద్రణస్వాతంత్ర్యమునకై వాదించెను. 1649లో ప్రజాప్రభుత్వమునకు విదేశభాషా కార్యదర్శి యయ్యెను. 1652లో పూర్తిగా అంధుఁడయ్యెను. 1660లో రాజరికము మరలిరాఁగా ఆయన గ్రంథములు కొన్ని ప్రభుత్వాజ్ఞచే దగ్ధమయ్యెను. ఆయనయు కొంతకాలము చెఱలో నుండెను.

అట్టి కవి 1671లో ప్రకటించిన ‘సామ్సన్ అగొనిస్టీస్’ నాటకమున, కన్నులు పోఁగొట్టుకొని గాజా చెఱసాలలో తిరుగలి త్రిప్పు సమ్సోను నాయకుఁడు. ఎస్కిలస్, సోఫోక్లీస్, యురిపిడీసులే యాదర్శమని పీఠికలో చెప్పెను. కథ ఒక్క దినములో ముగియును. ఆద్యంతము గాయకబృందము వెంట నుండును. కరీంనగర ప్రాంతపు పల్లెలలో చిరుతల రామాయణము చూచినవారికి బృందగానము క్రొత్త గాదు. ఘోరకార్యము రంగముపై జరుగదు. చూచి వచ్చిన దూత దానిని చెప్పును.

ఈ తుది నియమమే కథను మార్చినది. న్యాయాధిపతుల గ్రంథమున సమ్సోను తన రెండు కన్నులకై పగ తీర్చుకొను బలమిమ్మని దేవుని వేఁడుకొనును. నాటకములోని దూత సాక్షి మాత్రమే. న్యాయస్థానములలో సాక్షులను విచారించు మావంటివారికి దీని విలువ తేటగా బోధపడును: సాక్షి చూచినదానిని చెప్పఁగలఁడు గాని యితరుని హృదయమును చెప్పఁజాలఁడు. సమ్సోను తల వంచి నిలిచెననియు, ప్రార్థించుచుండెనో ఆలోచించుచుండెనో తెలియదనియు మాత్రమే యాతఁడు చెప్పును. పగ కోరిన మొఱ వినఁబడదు. మూలమున మందిరపు కప్పుపైనే సుమారు 3,000 మంది స్త్రీపురుషు లుండిరి. నాటకమున ప్రభువులు, ప్రముఖులు కూలిరి, వెలుపల నిలిచిన సామాన్యులు బ్రదికిరి.

ఆ కార్యము దైవప్రేరితమా, పగయా? చెఱసాల విడుచునపుడు తనలో నేదో ప్రేరణ కలుగుచున్నదని సమ్సోను చెప్పును. అంతకుమించి సాక్ష్యము లేదు. 2001లో న్యూయార్కు భవనములు కూలిన పిమ్మట పండితులలో నీ వివాదము మఱింత తీవ్రమయ్యెను.

మిల్టను 1674 నవంబరులో కాలధర్మము నొందెను. గ్రీకు పద్ధతివలన హీబ్రూ కథకు లోపము కలుగలేదని మా యభిప్రాయము. ఏ మతమువారైనను, తాము చేసిన సంహారము దేవుని యాజ్ఞయని చెప్పునప్పుడు, ఆ యాజ్ఞకు సాక్షి యెవరని యడుగుట మనకు విధి.