ఆచార్య రంగా - ప్రభుత్వపు హద్దులు

గుంటూరు మండలమందలి నిడుబ్రోలులో 1900 నవంబరు 7వ తేదీన ఒక కర్షక కుటుంబమున గోగినేని రంగనాయకులుగారు జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము నభ్యసించి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆ శాస్త్రమునే బోధించిరి. ఆచార్య రంగా అను పేరు ఆయనకు జీవితాంతము నిలిచెను. 1930లో కేంద్ర శాసనసభను ప్రవేశించిరి. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును స్థాపించి పల్లె యువకులకు రాజకీయ జ్ఞానము నొసగిరి. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ వెలసినపుడు దాని ప్రధాన కార్యదర్శి ఆయనయే.

ఆనాడు జమీందారీల రద్దుకై రంగాగారు ప్రభుత్వ శక్తినే కోరిరి. జమీందారు తొలగిన పిమ్మట ఆ స్థానమును ప్రభుత్వమే ఆక్రమింపరాదనునది ఆయన సిద్ధాంతము. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సమష్టి సహకార వ్యవసాయమును తీర్మానింపగా, ఆయన కాంగ్రెసును వీడి, రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పక్షమును నెలకొల్పి దానికి అధ్యక్షులైరి. లైసెన్సులు, పర్మిట్లు తగ్గవలెను. పొలము రైతు కుటుంబమునదే కావలెను. ప్రభుత్వము మితముగా నుండవలెను: ఇవి ఆ పక్షపు ఆశయములు. 1967లో స్వతంత్రులు లోకసభలో 44 స్థానములు గెలిచి పెద్ద ప్రతిపక్షమైరి. ఆ యేడు రంగాగారు శ్రీకాకుళము నుండి ఎన్నికైరి.

ఈ సిద్ధాంతమును తూచుటకు నిజామాబాదు మండలము మంచి త్రాసు. 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ప్రభుత్వ నిర్మాణము. 1937లో నెలకొల్పబడిన బోధను చక్కెర కర్మాగారమును ప్రభుత్వ ప్రోద్బలమున వెలసినదే. ఆ నీటిని నమ్మి కోస్తా రైతులనేకులు వలస వచ్చి చెరకు పండించిరి. ప్రభుత్వము చేతులు ముడుచుకొని యుండినచో ఆ పచ్చదనము లేదు. మరియు, నరికిన చెరకును నిలువ యుంచరాదు. రోజు గడచిన కొలది అందలి తీపి తరుగును. కొనువాడొక్కడే యైనచోట రైతునకు బేరమాడు బలము లేదు. కనీస ధరను నిర్ణయించు చట్టము అతనికి రక్షణ.

అయిననేమి? ఫలానా గ్రామముల చెరకు ఫలానా మిల్లుకే చెందవలెనను నిబంధన రైతు స్వేచ్ఛను బంధించినది. అక్కడ రంగాగారి హెచ్చరిక సార్థకము. 2002లో ఆ కర్మాగారపు అధిక భాగము ప్రైవేటు వారి వశమయ్యెను. 2015 డిసెంబరులో మూతపడెను. ప్రభుత్వము తప్పుకొనినంతమాత్రమున మేలు కలుగదనుటకు ఇదియు నొక నిదర్శనము.

1971 ఎన్నికలలో స్వతంత్ర పక్షము 8 స్థానములకు దిగజారెను. 1974లో వేరొక పక్షమున లీనమయ్యెను. రంగాగారు మరల కాంగ్రెసున చేరి, 1980, 1984, 1989లలో గుంటూరు నుండి లోకసభకు ఎన్నికైరి. దీనిని చంచలత్వమని కొందరు నిందింతురు. కాని పక్షములు మారినను ఆయన పట్టు రైతు మీదనే నిలిచెను.

1995 జూన్ 9న ఆయన పరమపదించిరి. ప్రభుత్వము పెద్దదా, చిన్నదా యని మాత్రమే విచారించుట చాలదు. కాలువ త్రవ్వుట, ధరకు హామీ నిచ్చుట ఒక తీరు పని. రైతు ఏమి పండింపవలెనో, ఎవరికి అమ్మవలెనో శాసించుట వేరొక తీరు. ఈ రెంటిని వేరు చేసి చూచుట నేర్చిన విద్యార్థి, ఓటుహక్కు వచ్చిననాడు అభ్యర్థుల మాటలను తానే తూచుకొనగలడు.