లెక్క తప్పని జీవితం: డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య



దివిసీమ నుంచో, గుడివాడ వైపు నుంచో ట్రంకుపెట్టె పట్టుకుని హాస్టలుకు వచ్చిన ప్రతి విద్యార్థికీ ఒక ఆశయం ఉంటుంది. ఒకరికి టీచరు కావాలని, ఒకరికి నర్సు కావాలని, మరొకరికి ఇంట్లో అప్పు తీర్చే ఉద్యోగం ఏదైనా చాలని. కానీ జూన్‌లో అనుకున్నది మార్చి నాటికి ఎంతవరకు వచ్చిందని అడిగితే చాలామందిమి తల దించుకుంటాం. ఆ లెక్క మనం ఎక్కడా రాసి ఉంచుకోం కనుక. మన మచిలీపట్నంలోనే ఉండి, జైల్లో కూడా రోజుల లెక్క వదలని ఒక పెద్దాయన జీవితం ఈ సందర్భంగా తెలుసుకుందాం.

పట్టాభి గారు 1880 నవంబరు 24న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని గుండుగొలనులో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివారు. తర్వాత వైద్యవిద్య పూర్తిచేసి మచిలీపట్నం వచ్చి డాక్టరుగా స్థిరపడ్డారు. చేతి నిండా సంపాదన ఉన్న వృత్తి అది. అయినా జాతీయోద్యమం పిలుపుతో కొన్నేళ్ళకే ప్రాక్టీసు మానేశారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నారు. 1923లో ఇదే ఊళ్ళో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

బ్యాంకులో ఒక నియమం ఉంటుంది. సాయంత్రానికి జమ ఎంత, ఖర్చు ఎంత, నిల్వ ఎంత అని సరిచూసుకుని గాని ఆ రోజు పద్దు ముగించరు. పట్టాభి గారికి రాతలో కూడా అలాంటి పట్టుదలే ఉండేది. 1935లో కాంగ్రెసుకు యాభై ఏళ్ళు నిండినప్పుడు ఆ సంస్థ చరిత్రను పెద్ద గ్రంథంగా రాసినది ఆయనే.

ఆయనకు ఓటమి కూడా తెలుసు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసు గారి చేతిలో 203 ఓట్ల తేడాతో ఓడిపోయారు. దేశమంతా చూస్తుండగా జరిగిన ఓటమి అది.

ఆ తర్వాత మూడేళ్ళకు అసలు పరీక్ష వచ్చింది. క్విట్ ఇండియా తీర్మానం అయిన మరునాడు, 1942 ఆగస్టు 9 తెల్లవారుజామున కాంగ్రెసు నాయకులను అరెస్టు చేశారు. నెహ్రూ, పటేల్, మౌలానా ఆజాద్ వంటి వారితో పాటు పట్టాభి గారిని కూడా అహమ్మద్ నగర్ కోటలో పెట్టారు. మొదట్లో ఉత్తరాలు లేవు, వార్తాపత్రికలు లేవు. విడుదల ఎప్పుడో ఎవరికీ తెలియదు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. అలాంటి చోట ఒక రోజుకూ మరో రోజుకూ తేడా తెలియదు. మనిషి నీరసపడిపోవడానికి అంతకంటే ఏం కావాలి?

పట్టాభి గారు మాత్రం కలం పట్టుకున్నారు. జైలు దినచర్యను, అక్కడి సంగతులను వివరంగా డైరీలో రాసుకుంటూ వచ్చారు. 1945లో విడుదలయ్యాక, 1946లో అది ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అనే ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. నెహ్రూ గారు ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాసింది కూడా ఆ కోటలోనే. ప్రభుత్వం వారి స్వేచ్ఛను తీసుకోగలిగింది గాని, వారి రోజులను వృథా చేయలేకపోయింది.

1947లో కాంగ్రెసు చరిత్ర రెండో భాగం వెలువడింది. 1948లో, తొమ్మిదేళ్ళ క్రితం ఓడిపోయిన అదే అధ్యక్ష పదవికి పట్టాభి గారు ఎన్నికయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

మిత్రులారా! మన హాస్టలు జైలు కాదు. కానీ ఇల్లు విడిచి ఉన్నవాళ్ళం. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే చదవడం. ఇలా రోజులన్నీ ఒకేలా గడిచిపోతూ ఏడాది చేజారిపోయే ప్రమాదం మనకూ ఉంది. దానికి మందు ఒక వందపేజీల నోటుపుస్తకం. ఎడమ పేజీలో ఈ నెల సాధించాలనుకున్నది రాయండి. ‘బాగా చదవాలి’ అని కాదు, ‘లెక్కల్లో రెండు పాఠాలు పూర్తి చేయాలి’ అని రాయండి. కుడి పేజీలో ప్రతి రాత్రి తేదీ వేసి, ఆ రోజు చేసినది రెండు మాటల్లో రాయండి. చేయని రోజు ‘చేయలేదు’ అనే రాయండి. ఆ పుస్తకం ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి అబద్ధం రాయాల్సిన అవసరమే లేదు. ఆదివారం నాడు రెండు పేజీలూ పక్కపక్కన చూసుకుంటే ఎక్కడ వెనకబడ్డామో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. వెనకబడితే సిగ్గుపడి పుస్తకం మూసేయకండి. వచ్చే వారానికి లెక్క సరిచేసుకోండి.

అరవై దాటిన మనిషి కోట గోడల మధ్య చేసిన పని, పదిహేనేళ్ళ మనం ట్యూబులైటు కింద చేయలేమా? ఈ రాత్రి స్టడీ అవర్ అయ్యాక, దీపం ఆర్పే ముందు, మొదటి పేజీలో తేదీ వేయండి.