దత్తమండలాల తొలి ముఖ్య కలెక్టరు థామస్ మన్రో

నేడు రాయలసీమ అని పిలుచుకునే ప్రాంతంలో అధిక భాగం శతాబ్దానికి పైగా దత్తమండలాలన్న పేరుతో వ్యవహరింపబడింది. ఆ పేరు అక్కడి కొండనుండో, నదినుండో, ఏలిన వంశంనుండో వచ్చింది కాదు. ఒక ప్రభువు మరొక ప్రభువుకు ఇచ్చివేసిన నేల అన్నదే దాని అర్థం. మైసూరు యుద్ధాల ఫలితంగా 1792లోనూ 1799లోనూ తనకు దక్కిన ప్రాంతాలను, సైన్య సహకార ఒప్పందం కింద తన రక్షణకు ఉంచిన కంపెనీ దళాల ఖర్చు నిమిత్తం, హైదరాబాదు నిజాం 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు సీమలో కొంత భాగం ఇలా చేతులు మారాయి. అక్కడి ప్రజల సమ్మతిని ఎవరూ అడగలేదు.

ఆ నేలకు ముఖ్య కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో వర్తక కుటుంబంలో జన్మించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో తండ్రి వ్యాపారం దెబ్బతినగా, 1780లో సైనికుడిగా మద్రాసు చేరి హైదరలీతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. అనంతరం బారామహల్ ప్రాంతంలో అలెగ్జాండర్ రీడ్ వద్ద భూమిశిస్తు వ్యవహారాలు నేర్చుకొని, కెనరాలో కొంతకాలం పనిచేశాడు.

దత్తమండలాలలో మన్రోకు మొదట ఎదురైనవారు పాళెగాళ్ళు. కోటలు, బంట్లు కలిగి తమ సీమలను తామే ఏలుకుంటున్న వారిని ఆయన సైన్యబలంతో అణచి, పలువురిని భరణాలకు పరిమితం చేశాడు. ఆ గాయం మానలేదు. 1846లో కోవెలకుంట్ల ప్రాంతంలో తిరుగుబాటు చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అటువంటి కుటుంబానికి చెందినవాడే.

తరువాత మన్రో పొలం పొలాన్నీ కొలిపించి, మధ్యవర్తి లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ విధానాన్ని అమలుచేశాడు. అయితే నిర్ణయించిన శిస్తు అధికమని ఆయనకే తెలుసు. 1807లో పదవి విడిచి వెళ్ళే ముందు దానిని నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పై అధికారులు అంగీకరించలేదు. పైగా రైత్వారీని పక్కనపెట్టి గ్రామాలను మొత్తంగా కౌలుకిచ్చారు. కౌలుదారులు కొందరు రైతులను పీడించారు, మరికొందరు తామే దివాలా తీశారు.

మన్రో ఇంగ్లండులో పార్లమెంటు ఎదుట రైత్వారీని సమర్థించి, 1814లో న్యాయ సంస్కరణల పనిపై తిరిగి వచ్చాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. కలెక్టరుగా తాను కోరి పొందలేకపోయిన శిస్తు తగ్గింపును గవర్నరుగా అమలుపరచాడు. ఆ మధ్య గడచిన సంవత్సరాల భారాన్ని మోసినది మాత్రం రైతులే.

పదవీ విరమణకు ముందు ఆ సీమను చివరిసారి చూడాలని పర్యటనకు బయలుదేరిన మన్రో, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. తొలుత గుత్తిలో ఖననం చేసి, తరువాత అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ప్రజలు ఆయనను మరువలేదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారన్న కథ నేటికీ వినిపిస్తుంది.

పాలకుడు మంచివాడైనా ఇచ్చివేయబడిన నేల అన్న పేరు మాత్రం మిగిలిపోయింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరును ప్రతిపాదించారు. విజయనగర రాయల స్మృతిని నిలిపే ఆ పేరును ప్రజలు స్వీకరించారు. ఒప్పందంతో వచ్చిన పేరు దస్తావేజులకు పరిమితమైంది. అక్కడివారు తమకు తాము పెట్టుకున్న పేరు నిలిచింది.