సరస్సునకు జమాఖర్చు కట్టిన లిండెమన్

అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రమందు, ఒక వ్యవసాయ కుటుంబమున 1915వ సంవత్సరము జూలై 24వ తేదీన రేమండ్ లిండెమన్ జన్మించెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్నప్పుడు సీడర్ బాగ్ అను చిన్న సరస్సును పరిశోధనకై యెన్నుకొనెను. అది లోతు తక్కువయై క్రమముగా పూడిపోవుచున్న సరస్సు. భార్య ఎలినార్ తోడ్పడగా, ఇంచుమించు అయిదేండ్లపాటు అందలి నాచును, పురుగులను, చేపలను శోధించెను.

ఏ ప్రాణి దేనిని తినునో పూర్వులు చెప్పియే యుండిరి. ప్రాణులను, మట్టిని, నీటిని, గాలిని కలిపి యొకే వ్యవస్థగా నెంచవలెనని ఆంగ్ల పండితుడు టాన్‌స్లీ 1935లో సూచించెను. లిండెమన్ ఆ వ్యవస్థకు జమాఖర్చు కట్టెను. అందు జమ సూర్యరశ్మియే. వేడిని కొలుచు మానమునకు కెలోరీ యని పేరు. ఒక చదరపు సెంటీమీటరు నీటిపై ఏటికి 1,18,872 కెలోరీల రశ్మి పడగా, మొక్కలును నాచును గ్రహించినది 111 మాత్రమే. వానిని తిను ప్రాణులకు దక్కినది 14.8, ఆ ప్రాణులను తిను వానికి 3.1. ప్రతి మెట్టునను కొంత శ్వాసక్రియచే వేడియై పోవును. కొంత తినబడకయే క్రుళ్లి సూక్ష్మజీవుల పాలగును. క్రుళ్లిన దానిలోని సారము మరల మొక్కలకు చేరును గాని, వేడియై పోయిన శక్తి తిరిగి రాదు. కావుననే సూర్యుని జమ నిత్యము పడుచుండవలెను.

1941లో డాక్టరు పట్టమంది, యేల్ విశ్వవిద్యాలయమున హచిన్సన్ పండితుని చెంత జేరెను. తన సిద్ధాంతమును వ్యాసముగా వ్రాసి 'ఎకాలజీ' పత్రికకు పంపగా, పరిశీలకులైన ఇద్దరు పెద్దలు ఆధారములు చాలవని త్రోసిపుచ్చిరి. హచిన్సన్ పట్టుబట్టి సంపాదకునకు వ్రాసెను. వ్యాసము తుదకు అంగీకృతమయ్యెను. అయినను అచ్చులో దానిని జూచు భాగ్యము లిండెమన్‌కు లేకపోయెను. కాలేయ వ్యాధిచే 1942 జూన్ 29వ తేదీన, ఇరువదియేడేండ్లైనను నిండకయే పరమపదించెను. ఆ యేడు అక్టోబరులో వ్యాసము వెలువడెను. నేడది జీవావరణ శాస్త్రమునకు మూలస్తంభములలో నొకటి.

చదువరులారా! మన చెరువున నాచు విస్తారము, చేపలు కొన్ని, ఆ చేపలపై బ్రతుకు కొంగలు మరికొన్నియే. ఆ తరుగుదలకు ముఖ్యకారణము లిండెమన్ లెక్కలో నున్నది. నాచు మొదలంట చెడిన చెరువున చేపయు నిలువదు, కొంగయు వ్రాలదు.